తెలుగు అల్మారాకి నెల గడువు

శ్యామల పెళ్లికి ముందు ఆరేళ్లు విజయవాడలో ఒక పుస్తక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దింది. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా ముందు ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసి, ఆ తర్వాతే పెళ్లికూతురి పేరు చదివేది. తెనాలి నుంచి న్యూజెర్సీకి, అక్కడి నుంచి సరిహద్దు దాటి స్కార్‌బరోకి వచ్చి పన్నెండేళ్లయింది. భర్త రాజగోపాల్‌కి కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి మూడు రోజులు పొద్దున్నే కారు తీసుకుని వెళ్లిపోతాడు. కూతురు యూనివర్సిటీ హాస్టల్‌కి వెళ్లాక ఇల్లు మరీ ఖాళీ అనిపించి, యాభై ఒకటో ఏట శ్యామల రెండు బస్సుల దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ సెంటర్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి చేరింది. అక్కడి రీడింగ్ రూమ్ చూసుకోవడం ఆమె పని.

ఆ గదిలో తమిళం, గుజరాతీ, ఉర్దూ పుస్తకాలకి రెండేసి అల్మారాలున్నాయి. కిటికీ పక్కన హీటర్‌ని ఆనుకుని ఒకే ఒక్క తెలుగు అల్మారా. అందులో అరవై మూడు పుస్తకాలు. ఎవరూ ఎంచి కొన్నవి కావు. ఇల్లు మారేవాళ్లు, ఊరు మారేవాళ్లు బరువనుకుని ఇచ్చి వెళ్లినవి. అందుకే స్తోత్రాల పుస్తకం పక్కన డిటెక్టివ్ నవల, దాని పక్కన పాతికేళ్ల కిందటి కంప్యూటర్ గైడు ఉండేవి.

రెండువేల ఇరవైమూడు అక్టోబరు రెండో తేదీన సెంటర్ మేనేజర్ షెరిల్ శ్యామలని పిలిచింది. ఆ ఏడు వేరే దేశాల నుంచి కాలేజీలకి వచ్చిన పిల్లలతో సెంటర్ కిటకిటలాడుతోంది. హెల్త్ కార్డుకి ఏం కావాలి, సోషల్ ఇన్సూరెన్స్ నంబరు ఎక్కడిస్తారు, ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ఎవరితో చెప్పుకోవాలి అని రోజూ అడుగుతున్నారు. వాళ్లకోసం రీడింగ్ రూమ్‌లో సగం తీసుకుని ఒక సహాయ కేంద్రం పెడతారట. రెండేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాలు పోవాలట.

"తెలుగులో ఇరవై ఉంచుదాం. భాష తెలిసినదానివి నువ్వే. నెలాఖరుకి జాబితా ఇవ్వు. ఒక్కో పుస్తకం మీద నీ అభిప్రాయం ఒక లైను రాయి," అంది షెరిల్.

ఆ రోజు బస్సులో శ్యామలకి సీటు దొరకలేదు. దొరకలేదన్న సంగతి కూడా ఆమె గమనించలేదు. తెలుగు పుస్తకం మీద నీ అభిప్రాయం ఏమిటని ఎవరైనా అడిగి ఇరవై ఐదేళ్లయింది.

"అరవై మూడూ చదువుతావా?" అన్నాడు రాజగోపాల్ భోజనాల దగ్గర. "పేర్లు చూసి రాసిచ్చెయ్యి."

"మీరు ఫైలు పేరు చూసి కోడ్ అప్రూవ్ చేస్తారా?"

"కొన్నిసార్లు చేస్తాను," అన్నాడు నిజాయితీగా.

శ్యామల చెయ్యదల్చుకోలేదు. మర్నాటి నుంచి సంచిలో రెండేసి పుస్తకాలు వేసుకుని బస్సులో, పప్పు ఉడికేలోపు వంటింట్లో, లాండ్రీ తిరుగుతున్నంతసేపు బేస్‌మెంట్‌లో చదివింది. రూళ్ల నోటుబుక్కులో అభిప్రాయాలు రాసుకుంది. షెరిల్ అడిగిన ఒక్క లైను ఏ పుస్తకానికీ సరిపోలేదు.

మొదటి మూడు రోజుల్నీ ఒక పొగాకు వ్యాపారి కుటుంబం మీద రాసిన ఆరువందల పేజీల నవల మింగేసింది. అందులో కథానాయిక ఏడుస్తూనే ఉంటుంది. విసుగెత్తి శ్యామల లెక్కపెడితే నూట పద్నాలుగుసార్లు. "ఏడుపులు తీసేస్తే రెండొందల పేజీల మంచి నవల. ఆ పని రచయిత చేసి ఉండాల్సింది," అని రాసింది. తర్వాత ఒక కవితా సంపుటి. కవితలు నలభై పేజీలు, వాటిని పొగుడుతూ పెద్దవాళ్ల ముందుమాటలు ముప్ఫై ఎనిమిది పేజీలు. "ముందుమాటలు చదివాక కవితల మీద జాలి కలిగింది." పొద్దున్న నాలుగింటికి లేచేవాళ్లే జీవితంలో పైకొస్తారని చెప్పే పుస్తకాన్ని ఇరవయ్యో పేజీ దగ్గర మూసేసింది. మా అమ్మ జీవితమంతా నాలుగింటికే లేచింది, ఆవిడ ఎక్కడికి పైకొచ్చిందో ఈయన చెప్పాలి అని రాసి, షెరిల్‌కి ఇది అనవసరమని కొట్టేసింది.

ఒక రిటైర్డ్ రైల్వే గార్డు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న ఆత్మకథ మాత్రం ఆమెని పట్టేసింది. నాసిరకం కాగితం, రెండొందలకి పైగా అచ్చుతప్పులు. కానీ సిగ్నల్ పడక గూడ్సు బండి పొలాల మధ్య గంటలకొద్దీ ఆగిపోయినప్పుడు ఆయన చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని ఏమేం చూశాడో చదువుతూ శ్యామల తను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎదురుగాలిలో అరమైలు వెనక్కి నడిచింది. ఇంత బాగా రాసిన మనిషికి ఒక్క మంచి ప్రూఫ్‌రీడర్ దొరకలేదే అని దారంతా తిట్టుకుంటూనే ఉంది.

రెండో వారంలో ఎర్ర అట్ట కథల పుస్తకం వచ్చింది. పాలమూరు వైపు ఒక పంతులమ్మ రాసిన పదకొండు కథలు. మాటలే కాదు, కథ చెప్పడం కూడా అక్కడి యాసలోనే. శ్యామల పెన్సిలు పట్టుకుని నాలుగు కథలు చదివి, ఓపిక పోయి, "యాస మరీ ఎక్కువ. సాధారణ పాఠకులకి అర్థం కాదు. తీసేయవచ్చు," అని రాసింది.

మర్నాడు రీడింగ్ రూమ్‌లో ఒక అమ్మాయి తెలుగు అల్మారా ముందు నిలబడి ఒక్కో వరసా వెతుకుతోంది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా హీటర్ పక్కన కూర్చునే అమ్మాయే. చలికీ వైఫైకీ వస్తోందనుకునేది శ్యామల.

"ఆంటీ, ఈడ ఎర్ర అట్ట పుస్తకం ఒకటుండె. ఏడ పోయింది?"

"మా ఇంట్లో ఉందమ్మా. నేను చదువుతున్నాను. ఎందుకు?"

"ఇంక మూడు కథలు మిగిలినయి ఆంటీ. మొన్న బస్ టైమ్ అయిందని సగంల వెట్టి పోయిన."

అమ్మాయి పేరు నిఖిల. నాగర్‌కర్నూల్ నుంచి మేలో వచ్చింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి కాఫీ షాపులో పని. ఆ రెంటికీ మధ్య దొరికే రెండు గంటలే ఆమెవి. ఆ రెండు గంటల్లో ఈ అల్మారాలో ఇప్పటికి పదిహేడు పుస్తకాలు చదివింది.

శ్యామల ఆశ్చర్యపోయింది. "మరి ఇంటికి తీసుకెళ్లొచ్చు కదా?"

"ముందల కౌంటర్‌ల కార్డు ఇయ్యరు గదా ఆంటీ. ఈ ఏరియా అడ్రస్ ప్రూఫ్ అడుగుతరు. బేస్‌మెంట్‌ల ఎనిమిది మందిమి ఉంటం. లీజు ఒక్కరి పేరు మీదనే ఉంది. బ్యాంక్ పేపర్ల మీద ఇంకా బ్రాంప్టన్ అడ్రసే ఉంది. ఆడ దిగిన కదా ముందు."

"నీలాంటి వాళ్లు ఇంకా ఉన్నారా?"

"మస్తు మంది ఉన్నరు. మా రూమ్‌ల నుంచే ముగ్గురం వస్తం."

శ్యామల కంప్యూటర్ తెరిచి చూసింది. ఎర్ర అట్ట పుస్తకాన్ని రెండేళ్లలో ఇంటికి తీసుకెళ్లినవాళ్లు సున్నా. రైల్వే గార్డు పుస్తకానికీ సున్నాయే. స్తోత్రాల పుస్తకానికి తొమ్మిది. ఎవరో ఒక పెద్దాయన ఆ పాత కంప్యూటర్ గైడుని ఆరుసార్లు తీసుకెళ్లాడు. ఈ గదిలో కూర్చుని చదివినవాళ్ల లెక్క ఎక్కడా లేదు.

"ఆ పుస్తకం గురించి ఏం రాసిన్రు ఆంటీ?" అంది నిఖిల, నోటుబుక్కు చూసి.

శ్యామల ఇచ్చింది. నిఖిల చదివింది. మొహం చిన్నబోయింది.

"సాధారణ పాఠకులంటే ఎవరు ఆంటీ?"

శ్యామల నోటుబుక్కు వెనక్కి తీసుకుని ఆ లైను మళ్లీ చదివింది.

"మా అమ్మమ్మ గిట్లనే మాట్లాడ్తది," అంది నిఖిల. గొంతులో కోపం లేదు. "నేను ఎన్ని బుక్స్ చదివిన్నో, ఒక్క దాంట్ల కూడ మా అమ్మమ్మ మాట్లాడలె. గిండ్ల మాట్లాడింది."

ఆ సాయంత్రం శ్యామల మిగిలిన ఏడు కథలూ చదివింది. కళ్లతో చదివితే అడ్డుపడుతున్న వాక్యాలు పెదవులు కదిపి చదివితే తేలిగ్గా సాగిపోయాయి. మూడు కథలు చాలా బాగున్నాయి, మూడు ఫరవాలేదు. ఒకటి మాత్రం యాసతో సంబంధం లేకుండానే బాగాలేదు. చదువుతున్నంతసేపూ విజయవాడ రోజులు గుర్తొచ్చాయి. పాలమూరు నుంచే ఒకాయన రాతప్రతి పంపితే, కుర్రతనంలో తను ప్రతి పేజీనీ "సరిచేసి" పెట్టింది. ఆయన ప్రెస్సుకి వచ్చి ఆ దిద్దిన కాగితాలు తిరగేసి, రాతప్రతి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు తనకి కోపం వచ్చింది, ఇంత కష్టపడి దిద్దితే విలువ తెలియలేదని. ఇప్పుడు ఆ కోపం తన మీదికే తిరిగింది. నోటుబుక్కులో ఆ పేజీ చింపేసి మళ్లీ రాసింది.

మర్నాడు షెరిల్ దగ్గరికి వెళ్లి ఇక్కడ కూర్చుని చదివేవాళ్లనీ లెక్కలోకి తీసుకోమంది, కాలేజీ ఉత్తరాన్ని అడ్రస్ ప్రూఫ్‌గా ఒప్పుకోమంది. షెరిల్ శ్రద్ధగా విని, అది బోర్డు నిర్ణయించాల్సిన విషయం, అడిగి చూస్తానంది. శ్యామల ఊరుకోలేదు. ఆ రోజు నుంచి గదిలో ఎవరు ఏ తెలుగు పుస్తకం తెరిచినా ఒక కాగితం మీద గీత గీసింది. పన్నెండు రోజుల్లో నలభై ఆరు గీతలయ్యాయి.

నెలాఖరుకి యాభై రెండు పుస్తకాలు పూర్తయ్యాయి. మిగతావి సగం సగం చూసింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. అభిప్రాయాలన్నీ షెరిల్ కోసం ఇంగ్లీషులో పెట్టాలి. "ఊకదంపుడు" అన్నదానికి ఇంగ్లీషులో ఏమనాలో తెలియలేదు. రాజగోపాల్‌ని అడిగితే "బోరింగ్ అని రాయి" అన్నాడు. అది కాదు. చివరికి "చాలా పొడుగు" అని అర్థం వచ్చే మాట రాసి, తనకే నచ్చక పళ్లు కొరుక్కుంది. చివరి శని, ఆదివారాలు కూర్చుంటే పదకొండు పేజీలయ్యాయి. ముప్ఫై ఒకటో తేదీ పొద్దున జాబితా, అభిప్రాయాలు, గీతల కాగితం అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి షెరిల్ చేతికిచ్చింది.

నవంబరు ఆరున పనికి వెళ్లేసరికి తెలుగు అల్మారా కిటికీ దగ్గర లేదు. పక్కన మూడు అట్టపెట్టెలు. ఉర్దూ అల్మారా కింది అరలో పది తెలుగు పుస్తకాలు. స్తోత్రాలు, వంటలు, కంప్యూటర్ గైడు, ఇంకో ఏడు. ఆమె జాబితాలోంచి అందులో రెండే ఉన్నాయి.

"బోర్డు ఒక్కో భాషకి పదే అంది. ఎక్కువసార్లు బయటికి వెళ్లిన పదింటినీ కంప్యూటరే ఇచ్చింది," అంది షెరిల్.

"నేనిచ్చిన పదకొండు పేజీలు?"

"చాలా వివరంగా రాశావు. థాంక్యూ. ఫైల్లో పెట్టాను."

"చదివారా?"

"మొదటి పేజీ చదివాను."

శ్యామల ఆఫీసులో గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచింది. "చదవనిదానికి నన్నెందుకు చదవమన్నారు? నెల్రోజులు! బస్సులో, పొయ్యి దగ్గర, నడుస్తూ చదివాను!" అని తెలుగులోనే మొదలుపెట్టి, మధ్యలో గమనించి ఇంగ్లీషులోకి మార్చింది. ఇంగ్లీషులో అదే మాట సగం కూడా పదును తేలలేదు. దానికింకా మండిపోయింది.

షెరిల్ తలుపు దగ్గరికి వేసింది. "సిబ్బందిని సంప్రదించాలని బోర్డు ఇచ్చిన కాగితంలో ఉంది. సంప్రదించాను. నిజం అదే, శ్యామలా. సారీ," అంది తగ్గు గొంతుతో. ఒక్కటి మాత్రం సాధించానంది. జనవరి నుంచి కాలేజీ ఉత్తరం ఉంటే కార్డు ఇస్తారు.

"కార్డు తీసుకుని ఆ పిల్లలు ఏం చదవాలి?" అంది శ్యామల.

పెట్టెల్లోని యాభై మూడు పుస్తకాలూ శుక్రవారం రీసైక్లింగ్‌కి వెళ్తాయని తెలిసి శ్యామల రాజగోపాల్‌కి ఫోన్ చేసింది. కిచెనర్ నుంచి వస్తూ దారి మళ్లించుకుని వచ్చాడు. పెట్టెలు చూసి, "ఇవన్నీ మనకెందుకు?" అన్నాడు.

"మీరేం మాట్లాడకండి. ఎత్తండి."

అతను ఎత్తాడు. నడుం పట్టేసిందని రెండు రోజులు మూలిగాడు కూడా. శ్యామల బేస్‌మెంట్‌లో కూతురి పాత పుస్తకాల బీరువా ఖాళీ చేసి అన్నీ సర్ది, నిఖిలకి మెసేజ్ పెట్టింది.

ఆ పై శనివారం నిఖిల, ఆమె రూమ్మేట్ ధరణి రెండు బస్సులు మారి వచ్చారు. ధరణిది కడప. శ్యామల వేడివేడి పెసరట్లు పెట్టి, తిన్నాక రైల్వే గార్డు పుస్తకాన్ని నిఖిల చేతిలో పెట్టి, "ఇది చదువు. ఈ నెలలో నేను చదివినవాటిలో ఇదే గొప్పది," అంది.

నిఖిల ఇరవై పేజీలు చదివి, మర్యాదగా పుస్తకం మూసింది. "ఏమనుకోకుండ్రి ఆంటీ. నాకు బోర్ గొట్టింది. ట్రైన్ కదల్తనే లేదు."

"అదేనమ్మా అందులో విశేషం!"

"నేను రోజు బస్ స్టాప్‌ల గదే చేస్తున్న కదా ఆంటీ. మళ్ల బుక్కుల గూడ గదేనా?"

శ్యామలకి ఒళ్లు మండింది. ఆ గార్డు తరఫున పావుగంట వాదించింది. నిఖిల ఒప్పుకోలేదు. ఎర్ర అట్ట పుస్తకంలో శ్యామలకి నచ్చని ఆ ఒక్క కథే అన్నిట్లోకీ మంచిదని కూడా అంది. దాంతో వాదన ఇంకో అరగంట పెరిగింది. టీ చల్లారిపోయింది. పైనుంచి రాజగోపాల్ "అంతా బాగానే ఉందా?" అని ఒకసారి అడిగి, జవాబు రాక ఊరుకున్నాడు.

ధరణి ఈ గొడవలో లేదు. మూలన కుర్చీలో కాళ్లు ముడుచుకుని, శ్యామల "ముగింపు అన్యాయం, తీసేయవచ్చు" అని రాసిన డిటెక్టివ్ నవలలో మునిగిపోయి ఉంది.

"అది చదువుతున్నావా! చివర్లో వాడు చేసిన పని చూస్తే..." అంటూ అటు తిరిగింది శ్యామల.

ధరణి పుస్తకంతో మొహం కప్పుకుంది. "చెప్పద్దు ఆంటీ, మీకు దండం పెడతా! ఇంకా నలభై పేజీలుండాయి."