జల్లించని ఇసుక

మా పెద్దమ్మకు ముక్కుమీద కోపం. ఇసుక మాటెత్తితే మరీను. ఇళ్లు కట్టేచోట ఇసుక జల్లెడ పట్టడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. ఆమె జల్లించిన ఇసుక అయితేనే గోడల పూతకు తాపీ పడతామని మేస్త్రీలు మొండికేసేవాళ్లు. అలాంటి మనిషి ఒకరోజు జల్లెడ పక్కన పడేసి, "ఈ ఇసుక నేను జల్లించను" అని కుండబద్దలు కొట్టేసింది.

అది ఆస్పత్రి ముంగిలి. గేటు నుంచి వార్డు దాకా చక్రాల కుర్చీలు వెళ్లడానికి రాళ్ల బాట వేస్తున్నాం. రాళ్లు పరిచేది నేను, కింద వేసే ఇసుక పెద్దమ్మ వంతు. ఇసుక ఎంత సన్నగా ఉంటే అంత మేలని మా కాంట్రాక్టరు నమ్మకం.

"గోడకైతే సన్నది కావాలి బాబూ. రాళ్ల కిందికి గరుకుదే ఉండాలి. సన్నదేస్తే నీళ్లు కిందికి దిగవు, తొలి వానకే రాళ్లు కుంగిపోతాయి" అంది పెద్దమ్మ.

అతను నలుగురూ వినేలా నవ్వాడు. "పని ఎగ్గొట్టడానికి భలే సాకు దొరికిందే! ఓపిక లేకపోతే ఇంట్లో కూర్చో."

నాకు ఒళ్లు మండింది. జ్వరంతో కూడా పనికి వచ్చిన మనిషిని పట్టుకుని అనే మాటేనా అది?

పెద్దమ్మ మాత్రం కొంగు బిగించింది. "రెండు రకాలూ పరిచి చూద్దాం. నా మాట తప్పయితే రేపట్నుంచి మీ పనిలోకే కాదు, ఎవరి పనిలోకీ రాను."

ఆ పని తప్ప ఆమెకు మరో బతుకు తెలియదు.

బాటలో ఒక ముక్కకు సన్న ఇసుక కావాలిగా, అదీ తనే జల్లించింది. ఒక్క రాతి పలుకు ఉంటే ఒట్టు. రెండో ముక్కకు చెత్తా ఆకులూ ఏరేసిన గరుకు ఇసుక వేసింది. రెండింటి మీదా నేను రాళ్లు పరిచి, పైపుతో సమానంగా నీళ్లు పట్టాను. గరుకు వైపు నీళ్లు ఇట్టే ఇంకిపోయాయి. సన్న వైపు రాళ్ల సందుల్లోంచి బుడబుడమంటూ పైకి ఊరాయి.

"నీళ్లదేముంది, ఆరిపోతాయి" అంటూ కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు వేసిన తోపుడు బండిని తనే అందుకున్నాడు. గరుకు వైపు బండి సాఫీగా వెళ్లింది. సన్న వైపు మూడో రాయి దగ్గర చక్రం దిగబడింది. తోశాడు, గుంజాడు, బురద చొక్కా మీదికి చిమ్మింది గానీ బండి కదల్లేదు.

"ఆ కుర్చీలో మీ అమ్మ కూర్చుందనుకోండి" అంది పెద్దమ్మ.

అతను బండి అక్కడే వదిలేసి కుళాయి దగ్గరికి నడిచాడు. మేస్త్రీలు చప్పట్లు కొట్టారు, నేనైతే సిగ్గు లేకుండా ఈలే వేశాను. గెలిచింది ఆమే అయినా, గాల్లో తేలింది నేను.

కాసేపటికి అతను మొహం కడుక్కుని వచ్చాడు. "అమ్మా, తప్పు నాదే. ఇకనుంచి ఏ పనికి ఏ ఇసుకో మీరే చెప్పాలి. లారీ వెనక్కి పంపాలన్నా మీ మాటే."

అప్పుడే గేటు దగ్గర సన్న ఇసుక లారీ వచ్చి ఆగింది. పెద్దమ్మ దానివైపు ఓసారి చూసింది, అంతే.

"ఒరేయ్, దించకు! తిప్పు, తిప్పు!" అని అరుస్తూ కాంట్రాక్టరు గేటుకేసి పరుగెత్తాడు.