మాటల్లేని అత్తాకోడళ్ళు

సీరియల్లో వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళు, నేను ఆ ఇంటి ఆడబిడ్డని. కెమెరా ముందు అత్తగారు కోడలికి గోరుముద్దలు తినిపించేది. కట్ అనగానే ఆమె కుర్చీ ఈ మూలకి, ఈమె కుర్చీ ఆ మూలకి. గొడవ మొదలైంది ఎపిసోడ్ చివర్లో క్లోజప్ ఎవరి మొహం మీద ఆగాలన్న దగ్గర. నవ్వకండి, మా వృత్తిలో ఆస్తి తగాదా అంటే అదే.

సీరియల్ ఆగిపోయి ఏళ్ళయినా పగ మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. మొజంజాహీ మార్కెట్‌లో పళ్ళు బేరమాడుతూ అత్త వేషం వేసిన పెద్దావిడ కంటపడితే, కోడలి వేషం వేసిన చిన్నామె ఐస్‌క్రీం సగంలో వదిలేసి రోడ్డు దాటిపోయేది. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే పని నాది. సీరియల్ వరసే పట్టుకుని చిన్నామె నాతో పెద్దావిడని ఇప్పటికీ 'మీ అమ్మ' అనే అంటుంది.

"మీ అమ్మకు చెప్పు, గా ఫంక్షన్‌కు నేనొస్తున్న. ఆమెను రావొద్దను."

"ఆ మహాతల్లికి చెప్పవే, నేను గంట ముందే వెళ్ళి కూర్చుంటానని."

ఈమధ్య పెద్దావిడకి చెవులు మందగించాయి. వేరే ఉద్యోగమైతే ఎలాగో నెట్టుకురావచ్చు. మా సీరియళ్ళలో డైలాగులు బట్టీ పట్టేవాళ్ళు తక్కువ. కెమెరా వెనక నుంచి ఒకరు చదువుతుంటే విని అప్పజెప్పడమే. వినబడని ఆర్టిస్టుని ఎవరూ పిలవరు. చెవికి మిషన్ పెట్టుకోమ్మా అంటే, "అది కనబడితే ఇంక నాకు వేషం ఎవరిస్తారే?" అంది. మేకప్ వేసుకోని రోజుల్లో ఆమెకి అన్నం కూడా సహించదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

పోయిన చలికాలం నాంపల్లిలో ఒక హాల్లో పాత సీరియళ్ళ వాళ్ళకి సన్మానం పెట్టారు. స్టేజీ మీద అత్తాకోడళ్ళ సీనొకటి చెయ్యమన్నారు. కొత్త సీరియల్లో నానమ్మ వేషానికి మనిషిని వెతుకుతున్న నిర్మాత ముందు వరసలోనే కూర్చున్నాడు. పెద్దావిడ తన మాటలన్నీ బట్టీ పట్టింది. కానీ అవతలి మనిషి మాట ఎప్పుడు ముగిసిందో తెలియాలి కదా. ఆబిడ్స్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ, "దాని పెదాలు చూస్తూ లాక్కొస్తాలే" అంటూనే ఉంది. ఆ సీన్లో కోడలు తల వంచుకుని ఏడుస్తూ మాట్లాడాలి. తల వంచితే ఇంక పెదాలెక్కడ కనబడతాయి?

సీను మొదలైంది. కోడలు వచ్చి అత్త పాదాల దగ్గర కూర్చుంది. అసలు సీన్లో అంతే. ఈమె మాత్రం పెద్దావిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తన మాట పూర్తయినప్పుడల్లా ఆ చేతిని మెల్లగా నొక్కింది. నొక్కగానే పెద్దావిడ అందుకుంది. ఒక్క మాట ముందు పడలేదు, వెనక పడలేదు. అదంతా నేను పక్కనే నిలబడి చూశాను. చెవుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. పగవాళ్ళు కనిపెట్టి చూసినంతగా అయినవాళ్ళు కూడా మనల్ని చూడరేమో. హాల్లో జనం కళ్ళు తుడుచుకుంటున్నారు.

తెర పడగానే చిన్నామె ఆ చెయ్యి వదిలేసి మొహం తిప్పుకుంది. నిర్మాత లోపలికొచ్చి నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళాడు.

"మేడమ్, పెద్ద మేడమ్‌కు జర వినబడదంటున్నరు. నిజమేనా?"

పెద్దావిడ రెండడుగుల దూరంలో, అటు తిరిగి మెడలో దండ తీసుకుంటోంది. చిన్నామె ఒక్కసారి 'ఔ' అంటే చాలు, ఇన్నేళ్ళ కక్ష తీరిపోతుంది.

"ఎవరన్నరు? పక్క రూముల కూసోని నేను మనసుల తిట్టుకున్నా గామెకు వినబడ్తది. గందుకే మా ఇద్దరికి పడదు."

నిర్మాత పగలబడి నవ్వాడు. నానమ్మ వేషం పెద్దావిడకే అని నాతో చెప్పి వెళ్ళాడు. ఆ క్షణంలో చిన్నామె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంతలో పెద్దావిడ ఇటు తిరిగి, ఆయన నవ్వుతూ వెళ్ళడం చూసింది.

"ఏవిటే, నా మీద చాడీలేనా?" అంది నాతో.

ఆమె వెనక నుంచి చిన్నామె, ఔనని చెప్పమన్నట్టు తలూపింది.

ఔనన్నాను.