పలక మీది గుంతలు

"నాన్నా, ఈ కొత్త పార్ట్‌లో అన్నీ మార్చేసినారు!" ఫోన్లో గేమ్ ఆడుతున్న మా పాప అరిచింది. ఆ అరుపుకు నా ముక్కుకు తడి పలక వాసన తగిలినట్టయింది.

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా నాయన పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసేవాడు. ఆయన తెచ్చిన ఓ విరిగిన పలక మీద, వీడియో గేముల దుకాణంలో నేనాడే ఆటలో గుంతలెక్కడున్నాయో మేకుతో గీసి పెట్టుకున్నాను. వాటిని కళ్లు మూసుకుని దూకేవాణ్ణి.

ఒకరోజు దుకాణం అన్న ఆ ఆట రెండో పార్ట్ పెట్టాడు. నేలుండాల్సిన చోట గుంత! నా బొమ్మ అందులో పడి చచ్చింది.

"దొంగ క్యాసెట్ పెట్టినావన్నా!" అని అరిచి, పలక తీసుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తాను.

నాయన రాతిదుమ్ము కళ్లతో పలకంతా చూశాడు. "రోజూ అదే గుంత దూకితే అది ఆటేందిరా? నా పని మాదిరి అయిపోదా?" అని నవ్వాడు.

అప్పుడు నన్ను చూసి నవ్వాడనుకున్నాను. ఆ ఫ్యాక్టరీ మూతపడిన రోజు దాకా ఆయన అదే కొలత పలక కోస్తూనే ఉన్నాడు.