ముత్యాల గర్భం

పెళ్లయిన చాలా ఏళ్లకు నాకు నెల తప్పింది. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. సరుకులకు వచ్చిన ఆడవాళ్లందరికీ మా అత్తమ్మ ఆ కబురు చెప్పింది.

మూడో నెలకు వాంతులు మరీ ఎక్కువయ్యాయి. మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. అందరికీ ఉండేదేలే అన్నారు. కానీ ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. ఫ్యాను కింద ఉన్నా జాకెట్టు తడిసిపోయేది. చక్కెర పొట్లం కట్టబోతే చేతులు వణికి సగం నేలపాలయ్యేది. మనిషిని చిక్కిపోతున్నా పొట్ట మాత్రం నెలలకు మించి పెరుగుతోంది.

"కవలలు బిడ్డా. గందుకే గిట్ల అయితున్నది," అంటూ అత్తమ్మ నా వీపు రాసేది.

ఊళ్లో డాక్టరమ్మ నాడి చూసి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోందని తేలింది. మా పుట్టింట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు. ఆమె నా పొట్ట మరోసారి నొక్కి చూసి, స్కానింగ్ ఆలస్యం చేయొద్దని మా ఆయనతో చెప్పింది.

మొయినాబాద్ వెళ్లాం. స్కానింగ్ చేస్తున్న డాక్టరు మిషన్‌ను నా పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూనే ఉంది.

"గుండె చప్పుడు వినిపియ్యరా మేడం?" అని నేనే అడిగాను.

ఆమె చెయ్యి ఆపింది. "లోపల బిడ్డ లేదమ్మా. దీన్ని ముత్యాల గర్భం అంటరు. మాయ ఒక్కటే నీటి బుగ్గల లెక్క పెరిగింది. అది ఒక హార్మోన్‌ను ఎక్కువెక్కువ తయారు చేస్తున్నది. దానివల్లనే నీ థైరాయిడ్ గింత రేగింది."

"మళ్ల చూడండి. కవలలు ఉన్నరు," అన్నాను. ఆమె మళ్లీ చూసింది. నేను లేవలేదు. ఇంకొక్కసారి చూడమని ఆమె చెయ్యి పట్టుకున్నాను. చివరికి మా ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించాడు.

సిటీలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడా అదే మాట. వెంటనే కడుపు శుభ్రం చేయాలి, కానీ గుండె వేగం తగ్గకుండా మత్తు ఇస్తే ప్రాణానికే ముప్పన్నారు. మందులిచ్చి మంచం మీద ఉంచారు. ఆ మందులు పనిచేయకూడదని లోలోపల మొక్కుకున్నాను. గుండె కుదుటపడితే నా కడుపు ఖాళీ చేస్తారు. కొన్నాళ్లకు గుండె వేగం తగ్గింది. నర్సులు ఆపరేషన్‌కు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మంచం ఊచ పట్టుకుని రానన్నాను.

అత్తమ్మ నా తల తన పొట్టకు అదుముకుంది. "పోనియ్ బిడ్డా. నాకు నువ్వుంటే సాలు." ఆమె కూడా వణుకుతోంది. అప్పుడు ఊచ వదిలాను.

తర్వాత వారం వారం రక్తపరీక్షలు చేశారు. ఆ హార్మోన్ పూర్తిగా తగ్గి, తాము సరే అనేదాకా మళ్లీ గర్భం రాకూడదన్నారు. వాంతులు ఆగాయి. చేతులు నిలకడగా ఉన్నాయి. ఒకరోజు డాక్టరు కాగితం చూసి, థైరాయిడ్ మామూలు స్థితికి వచ్చిందని నవ్వుతూ చెప్పింది.

తిరిగి వస్తుంటే దారిలో మా ఆయన బండి ఆపి, "ఇంక ఫికర్ లేదు," అన్నాడు. అతని ముఖం తేలికపడింది. నేను రోడ్డు పక్కన కూలబడ్డాను. దడ ఉన్నన్నాళ్లూ లోపల ఎవరో ఉన్నారనే అనుకున్నాను. ఇప్పుడు ఆ దడ కూడా లేదు. ఈ మాట అతనికి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.