నీళ్లు చల్లబరిచిన నా రియాక్టర్

అణు రియాక్టర్‌ను ఫ్రిజ్జుగా మార్చిన ఘనత ఎవరికైనా ఉందంటే అది నాకే. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు సెమినార్ హాలు మొత్తం నవ్వింది. మీరూ చేరితే కొత్తగా పోయే పరువేం లేదు.

మా నాన్నకు బెజవాడ ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేసే షాపు ఉంది. ఇంజన్లో కుతకుతలాడిన నీళ్లు రేడియేటర్ గొట్టాల్లోకి వెళ్లి చల్లబడి రావడం, పలక పట్టకముందే చూసినదాన్ని. ఆ ధైర్యంతోనే ఎం.టెక్‌లో, రియాక్టర్ ఇంధన కడ్డీల మధ్య నీళ్లు ఎలా పారతాయో కంప్యూటర్లో సిమ్యులేషన్ చేస్తానని పట్టుబట్టాను.

"కష్టం షబానా, పంపుసెట్ల మీద ఏదైనా చేసుకో" అన్నారు గైడ్ మేడమ్. నేను వింటానా? చివరికి ఆవిడే దిగొచ్చి, మొదటి రివ్యూలో తేడా వస్తే టాపిక్ మార్చాల్సిందేనని షరతు పెట్టారు.

రివ్యూ ముందురోజు నాన్నకు లాప్‌టాప్‌లో చూపించాను. కడ్డీల కట్టలోకి ఎర్రగా వెళ్లిన నీళ్లు నీలంగా బయటికొస్తున్నాయి.

"ఎరుపంటే వేడా బేటా?"

"అవును నాన్నా. నీలమంటే చల్లన."

"శభాష్! ఒక్క గొట్టం కూడా జామ్ కాలేదు. నిన్ను పంపుసెట్లు చేసుకోమన్నదెవరు?"

అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? మర్నాడు కమిటీ ముందు దర్జాగా నిలబడ్డాను. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

"ఏమ్మా, ఆ కడ్డీల్లో పుట్టేది వేడేగా?"

"అవునండీ."

"మరి వాటిని తాకిన నీళ్లు చల్లబడుతున్నాయేంటి?"

అక్కడైనా ఆగాలా వద్దా? ఆగితే నేనెందుకవుతాను!

"వేడి నీళ్లు లోపలికెళ్లి చల్లబడే బయటికొస్తాయండీ! పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను!"

"ఎక్కడ?"

"మా నాన్నగారి షాపులోనండీ. లారీ రేడియేటర్..."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక గానీ నా బుర్రకెక్కలేదు. రేడియేటర్ నీళ్ల వేడిని బయటికి తోస్తుంది. రియాక్టర్లో నీళ్లే కడ్డీల వేడిని లాక్కుపోవాలి. నేను చిన్నప్పటి అలవాటు కొద్దీ వేడి అంకె ముందు మైనస్ గుర్తు పెట్టేశాను. హాలు గొల్లుమంది.

"దీంతో ఊరికి కరెంటు రాదమ్మా, ఐసు వస్తుంది" అన్నారాయన.

"ఇక పంపుసెట్లేగా?" అన్నారు మేడమ్.

సిగ్గు వెయ్యాల్సిన చోట నాకు ఒళ్లు మండింది.

"మార్చనండీ! తప్పు నేను పెట్టిన గుర్తుది, టాపిక్‌ది కాదు. మోడల్ చిన్నదే, పది నిమిషాలివ్వండి!"

అందరి ముందే మైనస్ చెరిపేసి మళ్లీ నడిపించాను. ఈసారి నీలంగా వెళ్లిన నీళ్లు ఎర్రగా బయటికొచ్చాయి. ఎగ్జామినర్ గారు అరగంట ప్రశ్నలు గుప్పించారు. అన్నిటికీ బదులిచ్చాను.

"టాపిక్ ఉంచెయ్యండి మేడమ్. ఈ అమ్మాయి దగ్గర్నుంచి లాక్కోవడం మన వల్ల కాదు" అన్నారు చివరికి.

గుమ్మం దాటుతూనే ఫోన్ చేశాను.

"నాన్నా, టాపిక్ దక్కింది! ఇప్పుడు నీళ్లు బాగా వేడెక్కి బయటికొస్తున్నాయి!"

అవతల పానా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అయ్యో బేటా, నిన్న బాగానే ఉందిగా! కంగారుపడకు. షాపుకి పట్టుకొచ్చెయ్, క్లీన్ చేసిస్తాను."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మైనస్ గుర్తునైనా మూడుసార్లు చూసుకోకుండా పెట్టను. తల దించుకుంటానని మాత్రం ఒట్టు పెట్టను.