కూర్మయ్య నోరు తెరిచిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బట్టలుతికే మిషన్ పక్కన ఒక తాబేలు కాపురం ఉండేది. మా ఊరు షాంటిలీలో ఇప్పుడు ఎటు చూసినా ఇండియన్ స్టోర్లే గానీ, అప్పట్లో మా ఇంటి వెనక మొక్కజొన్న చేలు ఉండేవి. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాన్నగారు ఆస్పత్రిలో డాక్టర్. అమ్మ ఇల్లు చూసుకునేది. మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, తాబేలు వచ్చిన ఏడాదే మా దగ్గరికి వచ్చింది. మావయ్య పోయాక ఆవిణ్ణి ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక నాన్నగారే ఇండియా వెళ్ళి తీసుకొచ్చారు.

తాబేలు మాత్రం పక్కింటి నుంచి వచ్చింది. అది ఆ ఇంటి పిల్లలు పెంచుకున్నది. ఒకరోజు పెరట్లో వదిలి మరిచిపోతే గడ్డి కోసే మిషన్ దాని మీదుగా పోయింది. అప్పటికే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి వెళ్ళే హడావిడిలో ఉన్నారు. ఎలాగూ బతకదనుకున్నారేమో, అట్టపెట్టెలో పెట్టి చెత్తడబ్బా పక్కన ఉంచేశారు. స్కూల్ బస్ దిగి వస్తూ పెట్టె కదలడం చూసి తొంగి చూశాను. వీపు మీద చిప్ప ఒక పక్కగా పగిలి, లోపలి ఎర్రదనం కనిపిస్తోంది. ఏడుస్తూ పెట్టెతో సహా ఇంటికి మోసుకొచ్చాను. ఆ ఇంటివాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

నాన్నగారు దాన్ని పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన గాయం కడిగి, పగులు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి అతుకు వేశాడు. పడవకి చిల్లు పడితే ఇలాగే వేస్తారని నవ్వాడు కూడా. అతుకు తడవకుండా చూసుకోండి, వేడి లైటు పెట్టి వెచ్చగా ఉంచండి, ముందు అది తిండి తినాలి అన్నాడు. తిరిగొస్తూ కార్‌లో నాన్నగారు నా దగ్గర ఏమీ దాచలేదు. మళ్ళీ చూపించే వేళకి తినడం మొదలుపెట్టకపోతే అది దక్కదని చెప్పారు. దారంతా ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని బిగించి పట్టుకున్నాను.

కూర్మయ్య అని పేరు పెట్టింది కూడా నాన్నగారే. వానపాములు ఇష్టంగా తింటుందని డాక్టర్ చెప్పాడనగానే అమ్మ "వానపాములా! నా ఇంట్లోనా!" అని చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు ఆవిడ చూడకుండా పెరట్లో తవ్వి తెచ్చి పెట్టారు. కూర్మయ్య అవీ ముట్టలేదు. ఆ జాతి తాబేలు పొట్ట కింది చిప్పకి మడత ఉంటుంది. ఎవరైనా దగ్గరికి వస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని తలుపేసుకున్నట్టు మూసేసుకుంటుంది. మేము చూసినంతసేపూ ఆ తలుపు మూసే ఉండేది.

ఇక ఎదుటివాళ్ళకి తిండి పెట్టడంలో మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఆదివారం వచ్చిన చుట్టాలూ స్నేహితులూ అందరూ ఆ పెట్టె చుట్టూ చేరేవాళ్ళు. ఒక ఆంటీ ఇడ్లీ ముక్క పట్టుకొచ్చేది. ఇంకో ఆంటీ "కొంచెం పెరుగన్నం ట్రై చేశారా?" అని అమ్మని అడిగేది. తిను నాన్నా, మా బంగారం కదూ అని బతిమాలేవాళ్ళు. తాబేలుని బుజ్జగించి తినిపించాలని చూసిన జాతి ఈ భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది. అందరికంటే ఎక్కువ బతిమాలింది నేనే. స్కూల్ నుంచి రాగానే దాని ముందు బోర్లా పడుకుని, స్ట్రాబెర్రీ ముక్క మూసిన చిప్పకి ఆనించి, తింటావా తినవా అని ప్రాణం తీసేదాన్ని.

భోజనాల బల్ల దగ్గర అదే బతిమాలుడు అత్తయ్యకి జరిగేది. "వదినా, ఒక్క ముద్ద, నా మాట విను" అని అమ్మ గరిటె పట్టుకుని పక్కనే నిలబడేది. వచ్చినవాళ్ళు కూడా అక్కయ్యగారూ ఇది రుచి చూడండి, అది రుచి చూడండి అని విస్తరి నింపినట్టు కంచం నింపేవాళ్ళు. అందరి చూపూ ఆవిడ చేతి మీదే. అత్తయ్య అన్నం కలిపేది, కలిపినదాన్నే మళ్ళీ కలిపేది, కాసేపటికి చెయ్యి కడుక్కుని లేచిపోయేది. ఆవిడ చిక్కిపోయి చీరకట్టులో నడుం దగ్గర కుచ్చిళ్ళు ఎక్కువైపోతున్నాయని అమ్మ చాటుగా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

అలాంటి ఒక ఆదివారం, పెట్టె చుట్టూ జనం మూగి ఉన్నప్పుడు, మాట్లాడటమే మానేసిన అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అందరూ ఇవతలికి రండమ్మా. దాని మానాన దాన్ని ఉండనివ్వండి" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ అందరూ లేచి ఇవతలికి వచ్చేశారు.

మర్నాడు మధ్యాహ్నం నాకు స్కూల్ లేదు. అత్తయ్య తన కంచం తీసుకుని, నాకూ ఒక కంచం ఇచ్చి, బట్టల మిషన్ గదిలోకి తీసుకెళ్ళింది. కూర్మయ్య పెట్టె మూలలో ఒక టమాటా ముక్క పెట్టి, దానికి వీపు పెట్టి చాప మీద కూర్చుంది. నన్నూ అలాగే కూర్చోమంది. నేను మెడ తిప్పబోతే మోకాలి మీద చిన్నగా తట్టింది.

"మరి తింటుందో లేదో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"తెలియక్కర్లేదు. చూస్తూ కూర్చుంటే ముద్ద గొంతు దిగదే అమ్మడూ. మన అన్నం మనం తిందాం."

పప్పూ అన్నం తిన్నాం. ఆవిడ రెండు ముద్దలే తింది. మాటల్లో వాళ్ళింట్లో మావయ్య వంకాయకూర ఎలా వండేవాడో చెప్పింది. ఉప్పు వేశాడో లేదో ఆయనకెప్పుడూ గుర్తుండేది కాదట. మావయ్య మాట ఆవిడ నోట రావడం మా ఇంట్లో అదే మొదటిసారి. టమాటా ముక్క మాత్రం ఎండిపోయింది. ఆ తర్వాత సాయంత్రాలు కూడా అలాగే గడిచాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరికొస్తుంటే నాకు భయంగా ఉండేది. అయినా వెనక్కి తిరగలేదు.

ఒక సాయంత్రం మా వెనక ఏదో చప్పుడైంది. ముందు కాగితం మీద గోరు గీసినట్టు, తర్వాత తడిగా నమిలినట్టు. నేను తిరగబోయాను. అత్తయ్య తల తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అలాగే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని కుడిచేత్తో తన కంచంలోది తినేసింది. మొత్తం తినేసింది. అప్పుడు నా వైపు వంగి, "వెళ్ళి ఇంకాస్త అన్నం పట్టుకురా" అంది.

వంటింట్లోకి పరిగెత్తి అమ్మకి ఆ మాట చెప్పాను. అమ్మ అన్నం గిన్నే, గరిటే తీసుకుని గబగబా వచ్చింది. ఇంకేముంది, కొసరి కొసరి వడ్డించేస్తుందనుకున్నాను. అమ్మ గుమ్మం దగ్గర ఆగింది. వంగి గిన్నె అత్తయ్య చేతికి అందేంత దూరంలో పెట్టి, ఆవిడ వైపు చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. కూర్మయ్య ఇప్పటికీ మా పెరట్లో కంచె వేసిన మూల తిరుగుతున్నాడు. వీపు మీద పగులు ఉన్నచోట చిప్ప గరుకుగా, కాస్త వంకరగా ఉంటుంది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. పెద్దతనం మీద పడింది, చాలా పేర్లు మరిచిపోయింది, అన్నం దగ్గర మొహం తిప్పేసుకుంటుంది. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా చెంచా పట్టుకుని "జస్ట్ వన్ బైట్, అమ్మమ్మా, ప్లీజ్" అంటుంది. దాని ప్రేమ దానిది. నేను మెల్లగా దాని చేతిలోంచి చెంచా తీసుకుని గిన్నెలో పెట్టేస్తాను. గిన్నె అమ్మకి అందేలా జరిపి, నా కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, నా అన్నం నేను తింటాను. చెవులు మాత్రం వెనకే ఉంటాయి. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినపడినా సరే, తల తిప్పను.