మిలిటరీ లారీ బ్రేకులు

ఇప్పటికీ ఏ బండి వాలు దిగుతున్నా నా కుడికాలు దానంతటదే బిగుసుకుంటుంది. బస్సులో కూర్చున్నా అంతే. పక్కవాళ్ళు చూస్తారేమోనని కాలు మడిచి పెట్టుకుంటాను.

దోహాలో వరల్డ్ కప్ కోసం ఊరంతా తవ్వి పోసిన రోజులవి. మా జిల్లా వాళ్ళంతా స్టేడియం సైట్లలో డ్యూటీ చేస్తుంటే నేను మాత్రం గ్యారేజీలో పాత బండ్లతో కుస్తీ పట్టేవాణ్ని. మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు పాత మిలిటరీ బండ్లంటే పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులు మూడు, పెద్ద లారీ ఒకటి ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకున్నాడు. ఆ చలికాలం ఒక శుక్ర, శనివారాల్లో ఎడారిలో గుడారాలు వేయించి, తనలాంటి పిచ్చే ఉన్న తెల్లవాళ్ళను పిలిచి, ఆనాటి సైన్యం క్యాంపు ఎలా ఉండేదో జనానికి చూపించే వేడుక పెట్టాడు.

ఆ తెల్లవాళ్ళు వారమంతా ఇంజినీర్లు, టీచర్లు. ఇక్కడికి రాగానే ఖాకీలు తొడిగి, రేకు పళ్ళాల్లో తిని, కొయ్య తుపాకులు భుజాన వేసుకుని కవాతు చేశారు. ఏసీ ఇళ్ళు వదిలి ఇసుకలో పడుకోవడానికి ఇంత సంబరమా అని నవ్వొచ్చింది. క్యాంపు అంటే ఏమిటో లేబర్ క్యాంపుల్లో బతికే మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్ళం కదా! నా నీలం గ్యారేజీ బట్టలు ఫోటోల్లో బాగుండవని నాకూ ఒక ఖాకీ చొక్కా, ఇనుప టోపీ ఇచ్చారు.

"ఏందిరా, పటాలంల చేరినవా? పింఛను గూడ ఇస్తరా?" అని చాచా ఆటపట్టించాడు.

చాచా అంటే మా గ్యారేజీ డ్రైవరు, హైదరాబాద్ మనిషి. దోహాలోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో గది. నేను కొత్తగా దిగినప్పుడు ఎవరితో ఎలా మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో అన్నీ ఆయనే నేర్పాడు. ఆ రెండు రోజులూ లారీ ఆయనది. వెనక బల్లల మీద ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని, గుట్ట ఎక్కి, వాలు మీదుగా తిరిగి క్యాంపుకు దిగాలి. వాలు కిందే గుడారాలు, చూడ్డానికి వచ్చిన జనం.

గ్యారేజీల్లో మాకొక చెడ్డ అలవాటు ఉంది. ఏ ఆయిల్ అయినా తాగేసిన నీళ్ళ సీసాల్లో పోసి పెట్టుకుంటాం. చీటీ అంటించం. వాసన చూసి పట్టేస్తాం. శుక్రవారం పొద్దున లారీకి బ్రేక్ ఆయిల్ తగ్గిందంటే నేనే పోశాను. టోపీ పెట్టుకుని ఫోటో దిగాలన్న తొందరలో వాసన చూడలేదు. శనివారం జీపు టైరు మార్చబోతే జాకీ లేవలేదు. అందులో పొయ్యడానికి జాకీ ఆయిల్ సీసా తీస్తే సగం ఖాళీ. మూత తీసి వాసన చూస్తే, బ్రేక్ ఆయిల్ సీసా మాత్రం చుక్క తగ్గకుండా నిండుగా ఉంది.

జాకీ ఆయిల్ తగిలితే బ్రేకుల్లోని రబ్బర్లు ఉబ్బిపోతాయి. నిన్నటి నుంచీ ఉబ్బుతూనే ఉన్నాయన్నమాట. ఎప్పుడు పనిచేయడం మానేస్తాయో చెప్పలేం. లారీ అప్పటికే పిల్లలతో గుట్ట ఎక్కుతోంది.

పరుగెత్తి చెప్పాలి. కానీ చెబితే? ఆ లారీ అంటే కఫీల్‌కు ప్రాణం. ఖల్లాస్, వీసా క్యాన్సిల్, ఇంటికి టికెట్టు. "దుబాయ్ పోయినోడు ఏడాది తిరగకముందే వాపసొచ్చిండు" అని, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా ఊళ్ళో నవ్వుతారు. నిన్నంతా బాగానే నడిచింది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. లారీ క్షేమంగా దిగి వచ్చింది. హమ్మయ్య అనుకుని, చాచాకు చెబుదామని నాలుగడుగులు వేశాను. ఆయన పక్కనే కఫీల్ నిలబడి ఉన్నాడు. నా కాళ్ళు ఆగిపోయాయి. కొత్తగా ఇరవై మంది పిల్లలు ఎక్కారు. ఒక చిన్నపాపను చాచాయే ఎత్తి కూర్చోబెట్టాడు. "యల్లా!" అని, కానివ్వమన్నట్టు చెయ్యూపాడు కఫీల్. లారీ కదిలింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఛీ, ఏం మనిషిని నేను!

లారీ గుట్ట మీదికి చేరేసరికి ముందు చక్రం నుంచి సన్నగా పొగ లేచింది. ఇక ఆగలేకపోయాను. "చాచా, ఆపుండ్రి! బ్రేకులు పోయినయ్!" అని అరుస్తూ ఎదురు పరుగెత్తాను. ఖాకీ చొక్కాలో, ఇనుప టోపీతో చేతులూపుతూ పరుగెత్తే నన్ను చూసి జనం చప్పట్లు కొట్టారు. ఇదీ యుద్ధం ఆటే అనుకున్నారు. లారీలోని పిల్లలు నాకు సెల్యూట్ చేశారు. చాచా కూడా నవ్వుతూ హారన్ కొట్టి వాలు దిగడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

టోపీ తీసి నేలకేసి కొట్టి, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. అంతకుముందు ఆయన్ని నేనెన్నడూ ఒక్కమాట అనలేదు. అప్పుడు చాచా మొహంలో నవ్వు పోయింది. పెడల్ తొక్కాడు. లారీ ఆగలేదు. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, స్టీరింగ్ పక్కకు తిప్పి మెత్తటి ఇసుకలోకి తోశాడు. లారీ ఒక పక్కకు ఒరిగి, పడిపోతుందనిపించి, నిలబడింది. మొదటి గుడారం పది అడుగుల దూరంలో ఉంది. పిల్లలు ఇంకోసారి, ఇంకోసారి అని కేరింతలు కొట్టారు.

కఫీల్ పరుగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే చాచా అరబ్బీలో, బండి ముసలిదైందనీ, చక్రంలో పొగ చూసి వీడు ఉరికి రాకపోతే అందరం పోయేవాళ్ళమనీ చెప్పాడు. కఫీల్ నన్ను గట్టిగా కావలించుకున్నాడు.

జనం పోయాక చాచా లారీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో వేలు ముంచి వాసన చూశాడు. డబ్బా మూత బిగించి నా వైపు తిరిగాడు.

"తప్పు ఎవ్వల చేతులనన్న అయితది బేటా. కఫీల్‌కు చెప్పకు. నీకు ఎప్పుడు ఎర్కైంది?"

"ఇప్పుడే చాచా. ఎర్కకాంగనే ఉరికొచ్చిన."

"శాబాష్. ఎర్కుండి గా పిల్లలను ఎక్కనిచ్చేటోనివి కాదు నువ్వు. నాకు తెల్వదా!" అని నా వీపు తట్టాడు.

ఆ తర్వాత మూడేళ్ళు ఆయన పక్కనే పనిచేశాను. ప్రతి శుక్రవారం తన గదికి అన్నానికి పిలిచేవాడు. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళేవాణ్ని. తినేసి వచ్చేవాణ్ని.